డేటాకు పెద్దదిక్కు ఎవరు? ఇస్రో అధ్యక్షులకు బహిరంగ లేఖ

అంతరిక్ష శాఖ కార్యదర్శి, ఇస్రో అధ్యక్షులు డాక్టర్ వి. నారాయణన్ గారికి,

నమస్కారం. ఇస్రో, నాసా కలిసి పంపిన నిసార్ ఉపగ్రహంలోని ఎస్-బ్యాండ్ రాడార్ తీసిన తొలి చిత్రమంటూ మీరు విడుదల చేసింది మా గోదావరి డెల్టాని. 2025 ఆగస్టు 19 నాటి ఆ చిత్రంలో మడ అడవులు, పంట చేలు, వక్క తోటలు, ఆక్వా చెరువులు వేటికవి స్పష్టంగా కనిపిస్తున్నాయని మీ ప్రకటనలో ఉంది. ఈ జిల్లాల్లోనే ఒక కళాశాలలో రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాలతో దూరం నుంచి నేలను పరిశీలించే విద్య) పాఠాలు చెప్పుకునేవాణ్ణి. మా ఊళ్ల మీదుగా పోతూ 12 మీటర్ల యాంటెన్నా ఒకటి మా చేలను చూసిందంటే సంతోషం కాక ఏముంటుంది?

అయితే ఆ చిత్రంలోంచి రైతుకో, తహసీల్దారుకో పనికొచ్చే ఒక అంకె బయటికి రావడానికి చాలా దూరం ఉంది. ఆ దూరం నడిపించే మనిషి గురించే ఈ లేఖ.

అడిగేది ముందే చెప్పేస్తాను. ప్రతి భూ పరిశీలన ఉపగ్రహానికీ ప్రాజెక్ట్ డైరెక్టర్ ఉన్నట్టే ఒక సైన్స్ నాయకుడో నాయకురాలో ఉండాలి. ప్రాజెక్టుకు ఆమోదం దొరికిన రోజే ఆ పేరు ప్రకటించాలి. ప్రయోగం తర్వాత కనీసం అయిదేళ్లు ఆ మనిషిని అక్కడి నుంచి కదపకూడదు. పేరుతో పాటు అధికారమూ, సొంత బడ్జెట్టూ ఇవ్వాలి. ఇస్రోలో సైన్స్ బృందాలు లేవని నేననడం లేదు. నిసార్‌కు ఉంది, ఫ్రెంచి వారితో కలిసి చేస్తున్న తృష్ణ ఉపగ్రహానికి సంయుక్త బృందమే ఉంది. ఇస్రో కేంద్రాలైన అహ్మదాబాద్ శాక్‌లో, హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీలో ఈ పనిలో తలపండినవారు ఉన్నారు. కానీ బయటి నుంచి చూసేవాడికి రాకెట్‌కు బాధ్యులెవరో తెలుస్తుంది, ఉపగ్రహానికి బాధ్యులెవరో తెలుస్తుంది. 2012లో రీశాట్-1 రాడార్ ఉపగ్రహాన్ని ఎన్. వలర్మతి గారు ప్రాజెక్ట్ డైరెక్టర్‌గా నడిపించారని నా విద్యార్థులకు చెప్పగలను. అదే ఉపగ్రహం డేటాలో తేడా కనిపిస్తే ఎవరికి ఉత్తరం రాయాలో మాత్రం చెప్పలేను.

ఇది పెద్ద విషయమా అని మీకు అనిపించవచ్చు. అందుకే మా వరి చేను దగ్గరికి తీసుకెళ్తాను.

రాడార్ చిత్రంలో నిలకడ నీరు నల్లగా ఉంటుంది. నున్నటి నీటి మీద పడిన తరంగాలు పక్కకు జారిపోతాయి, వెనక్కి రావు. వరద మ్యాపుల తయారీకి ఇదే ఆధారం. మరి డెల్టాలో జులై, ఆగస్టుల్లో నాట్లు వేసిన ప్రతి చేనూ నల్లగానే ఉంటుంది కదా! రొయ్యల చెరువూ నల్లనే. కాకపోతే చెరువులో ఏరేటర్లు తిరుగుతుంటే నీళ్లు గరుకెక్కి కొంత వెలుగు వస్తుంది, అవి ఆపేస్తే మళ్లీ నలుపు. ఇక వరి దుబ్బు కట్టి నిలబడ్డాక సంగతి పూర్తిగా మారిపోతుంది. తరంగం నీటి మీద పడి, అక్కడి నుంచి కాండానికి తగిలి, తిరిగి రాడార్ వైపు వస్తుంది. అంటే నీళ్లు నిండిన చేనే ఎక్కువ మెరుస్తుంది. నలుపంటే ముంపు, తెలుపంటే మెరక అని గీత గీసిన మనిషి ఇక్కడ నిండా మునుగుతాడు. పైగా ఒక్కో బ్యాండ్‌ది, అంటే ఒక్కో తరంగ పొడవుది, ఒక్కో తీరు. నిసార్ ఎల్-బ్యాండ్ తరంగం దాదాపు 24 సెంటీమీటర్లు, ఎస్-బ్యాండ్ 9 పైచిలుకు, మన మరో రాడార్ ఉపగ్రహం ఈఓఎస్-04లోని సీ-బ్యాండ్ 5 పైచిలుకు. ఏ తరంగం ఆకుల దగ్గర ఆగిపోతుంది, ఏది మొదలు దాకా దిగుతుంది అన్నది పంట వయసును బట్టి, రకాన్ని బట్టి మారుతుంది.

ఇప్పుడు మొంథా తుపాను గుర్తు చేసుకోండి. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పటికి సార్వా (ఖరీఫ్) వరి కొన్నిచోట్ల పాలు పోసుకుంటోంది, కొన్నిచోట్ల కోతకు సిద్ధంగా ఉంది. గాలికి చేను పడిపోయింది. పడిపోయిన వరి కింద నీళ్లున్నాయా, లేవా? గింజ మొలకెత్తుతుందా, నాలుగు రోజుల్లో ఆరిపోతుందా? పెట్టుబడి రాయితీ రావాలంటే పంట నష్టం 33 శాతం, ఆ పైన ఉండాలి. ఉపగ్రహం నుంచి వచ్చిన మ్యాపు ఒక సర్వే నంబరులో 30 శాతం అంటే ఆ రైతుకు ఏమీ రాదు, 36 అంటే వస్తుంది. ఆ మ్యాపులో పొరపాటుకు ఆస్కారం ఎంత? అటూ ఇటూ పదిహేను శాతమైతే ఆ రెండు అంకెలకూ అసలు తేడానే లేదు. ఈ సంగతి మ్యాపు మీద రాయాలా వద్దా, రాస్తే ఎంతని రాయాలి, అంత తేడా ఉన్న మ్యాపును పరిహారానికి వాడొద్దని కలెక్టరుకు చెప్పాలా అన్నవి సాఫ్ట్‌వేర్ తేల్చే ప్రశ్నలు కావు. పేరున్న ఒక మనిషి సంతకం పెట్టి తేల్చాల్సినవి.

ఆ మనిషి ఎలాంటివారై ఉండాలన్నదానికి మన చరిత్రలోనే ఉదాహరణలున్నాయి. మన రిమోట్ సెన్సింగ్‌కు ఆద్యులు పి.ఆర్. పిషారటి వాతావరణ శాస్త్రవేత్త, సి.వి. రామన్ శిష్యులు. 1970లో, మనకంటూ ఒక్క ఉపగ్రహం కూడా లేని రోజుల్లో, ఆయన బృందం కేరళ కొబ్బరి తోటల మీద హెలికాప్టర్‌లో తిరిగి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముతో ఫొటోలు తీసింది. వేరు వడలు తెగులు సోకిన చెట్లను కింద మనిషి కన్ను పట్టకముందే పైనుంచి పట్టగలమా అన్నది వారి ప్రశ్న. ముందు తెగులు, తర్వాతే కెమెరా. భాస్కర ఉపగ్రహాలు రెండింటికీ ప్రాజెక్ట్ డైరెక్టర్‌గా ఉండి, 1988 మార్చి 17న బైకనూర్ నుంచి ఎగిరిన ఐఆర్‌ఎస్-1ఏకు సారథ్యం వహించిన కస్తూరి రంగన్ గారు ఖగోళ భౌతిక శాస్త్రవేత్త. ఆ తరంలో శాస్త్రవేత్త, ఇంజినీరు, మేనేజరు ఒకే కుర్చీలో కూర్చోగలిగారు, ఎందుకంటే పని చిన్నది. ఐఆర్‌ఎస్-1ఏలో లిస్-1 కెమెరాకు ఒక్కో పిక్సెల్ 72.5 మీటర్లు. ఒకే చోటుకి మళ్లీ రావడానికి 22 రోజులు. ఇప్పుడు నిసార్ డేటా ఉత్పత్తులు రోజుకు సగటున 80 టెరాబైట్లని నాసా చెబుతోంది. ఇంత పని ఒక్క కుర్చీ మోయలేదు.

నాసాలో ఈ రెండు బాధ్యతలూ వేరు. ప్రాజెక్ట్ మేనేజర్ డబ్బునీ గడువునీ కాపలా కాస్తారు, ప్రాజెక్ట్ సైంటిస్ట్ కొలత నాణ్యతను కాస్తారు. ఇద్దరికీ పొసగని రోజులుంటాయి, ఉండాలి కూడా. బరువు పెరిగిపోయింది, ఏదో ఒకటి తీసేయాలి అన్నప్పుడు ఇంజినీరు కన్ను సహజంగా వెళ్లేది రోజువారీ పనికి అడ్డురాని పరికరం మీదికి. చాలాసార్లు అది క్యాలిబ్రేషన్ పరికరమే, అంటే కొలత సరిగ్గా ఉందో లేదో సరిచూసేదే, అవుతుంది. దాన్ని తీసేస్తే ప్రయోగం రోజు ఎవరికీ తెలియదు, మూడేళ్ల తర్వాత తెలుస్తుంది. అప్పుడు 'వద్దు' అనే హక్కు ఎవరికో ఒకరికి ఉండాలి. రెండు తలలతో బండి ఎలా నడుస్తుందని మీ సీనియర్లు అంటే ఆ భయం నాకు అర్థమవుతుంది. ప్రాజెక్ట్ డైరెక్టర్ మాటే చివరి మాట అన్న క్రమశిక్షణే ఇస్రోని ఇంత దూరం తెచ్చింది. దాన్ని చెడగొట్టమనడం లేదు. కొలతకు సంబంధించిన విషయాల్లో వచ్చిన అభ్యంతరాన్ని రాతపూర్వకంగా కొట్టేసే అధికారం మీ స్థాయిలో తప్ప కింద ఎవరికీ లేకుండా చూడండి, చాలు.

సైన్స్ నాయకత్వమంటే వదులుకోవడం తెలిసి ఉండటం కూడా. నిసార్ ఎప్పుడూ తన ఎడమ వైపే చూస్తుంది. మొదట కుడి వైపుకీ తిప్పి ఉత్తర ధ్రువ ప్రాంతాన్ని కూడా చూడాలని ఆలోచన ఉండేది. చివరికి ఒకే వైపని నిర్ణయించారు. అంటార్కిటికా మంచు ఎడతెగకుండా కనిపించాలి, ఉత్తరాన మిగిలిపోయే కొద్దిపాటి భాగాన్ని వేరే దేశాల రాడార్లు చూసుకుంటాయి అని. ఆర్కిటిక్ మంచు మీద జీవితం పెట్టిన శాస్త్రవేత్తకు ఇది చేదు మాత్ర. ఆ మాత్ర మింగించి, బృందం చీలిపోకుండా పట్టుకోవడమే నాయకుడి పని. రేపు ఎస్-బ్యాండ్ పరిశీలనల పట్టికలోనూ ఇలాంటి పంచాయితీలు వస్తాయి. హిమాలయ హిమానీనదాలకు ఎన్ని పాస్‌లు, సింగరేణి గనుల మీద నేల కుంగుబాటుకు ఎన్ని, డెల్టా వరికి ఎన్ని? పన్నెండు రోజులకోసారి వచ్చే ఉపగ్రహానికి నాట్ల నుంచి కోత దాకా దొరికేదే పది, పదకొండు తిరుగుళ్లు. అందులో రెండు పోతే పైరు ఎదుగుదల గీత మధ్యలో తెగిపోతుంది. ఈ పట్టిక ఎవరు, ఏ కారణంతో వేశారో బయటికి చెప్పండి. మా వాటా తగ్గినా ఫరవాలేదు, కారణం తెలిస్తే సర్దుకుంటాం.

ఇక పరికరం చెడిపోయిన రోజు. అసలు నాయకత్వం బయటపడేది అప్పుడే. నేల తేమ కొలవడానికి నాసా 2015 జనవరి 31న స్మ్యాప్ ఉపగ్రహాన్ని పంపింది. అందులో రాడార్, నేల తనంతట వెలువరించే తరంగాలను కొలిచే రేడియోమీటర్ రెండూ ఉన్నాయి. రేడియోమీటర్ కొలత నిక్కచ్చిగా ఉంటుంది గాని దాదాపు 40 కిలోమీటర్ల ముద్దగా వస్తుంది. రాడార్ సన్నగా చూస్తుంది. రెండూ కలిస్తేనే 9 కిలోమీటర్ల మ్యాపు అన్నది ఆ మిషన్ ఆయువుపట్టు. జులై 7న రాడార్ ఆగిపోయింది, మళ్లీ లేవలేదు. బృందం చేతులు ముడుచుకోలేదు. యూరప్ వారి సెంటినెల్-1 రాడార్ చిత్రాలను తెచ్చి రేడియోమీటర్‌తో జతచేసి, అంతకన్నా సన్నని మ్యాపులు ఇచ్చింది. కవరేజీ తగ్గింది, వ్యవధి పెరిగింది, ఆ సంగతి దాచలేదు.

మన దగ్గరా అలాంటి కథ ఉంది, కానీ మనం చెప్పుకోం. 2011 అక్టోబరు 12న ఎగిరిన మేఘా-ట్రోపిక్స్ అనే భారత, ఫ్రెంచి ఉమ్మడి ఉపగ్రహంలో 'మద్రాస్' అనే ప్రధాన పరికరం 2013 జనవరిలో మూలపడింది. మిగిలిన పరికరాల్లో సఫీర్ మాత్రం గాలిలో తేమను వేర్వేరు ఎత్తుల్లో కొలుస్తూనే పోయింది. భూమధ్యరేఖకు 20 డిగ్రీల వాలులో తిరగడం వల్ల ఉష్ణమండలం మీదికి రోజుకు చాలాసార్లు వచ్చేది. ఆ డేటాను యూరప్ వాతావరణ కేంద్రాలు తమ నమూనాల్లోకి తీసుకున్నాయి. ప్రధాన పరికరం పోయాక కూడా ఒక మిషన్‌ను పనికొచ్చేలా ఉంచిన భారతీయ, ఫ్రెంచి శాస్త్రవేత్తలకు దక్కిన గుర్తింపు ఎంత? 2023 మార్చి 7న దాన్ని పసిఫిక్ మీద అదుపుగా దించినప్పుడు వార్తలన్నీ ఆ దించడం గురించే. అది గొప్ప పనే, సందేహం లేదు. అయితే దాదాపు పదేళ్లు ఇచ్చిన కొలతలకు ఒక్క పేరా అయినా ఉండాల్సింది.

క్యాలిబ్రేషన్ డబ్బు గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. కిరాణా కొట్టు త్రాసుకు తూనికల శాఖ ముద్ర వేయించుకోమంటుంది, ఒకసారి వేసి వదిలేయదు, గడువు దాటితే మళ్లీ వేయాలంటుంది. ఉపగ్రహానికీ అంతే. నిసార్ కోసం అహ్మదాబాద్ చుట్టుపక్కల, దేశంలో మరికొన్ని చోట్ల కార్నర్ రిఫ్లెక్టర్లు (రాడార్ తరంగాన్ని తిరిగి వెనక్కే పంపే లోహపు పలకలు) పెట్టారు, అమెజాన్ అడవుల మీది చిత్రాలతో గురి సరిచూశారు. బాగుంది. మూడో ఏడు, నాలుగో ఏడు ఆ రిఫ్లెక్టర్ల మీద దుమ్ము తుడిచేదెవరు? పశువులు తోసేసిన దాన్ని నిలబెట్టేదెవరు? ఉపగ్రహం నెత్తిమీద ఉన్న రోజే చేలోకి దిగి, నేల తేమ తీసి, వరి ఎత్తు కొలిచి, దుబ్బులు లెక్కపెట్టే కుర్రాళ్లకు బత్తెం ఏ పద్దు కింద వస్తుంది? ప్రయోగం ముందు ఇలాంటి క్షేత్ర కొలతలకు (గ్రౌండ్ ట్రూత్) డబ్బులుంటాయి, తర్వాత ఆ ఉత్సాహం ఉండదు. ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన మాటే ఇది. మిషన్ ఆమోదంలోనే క్షేత్ర పరిశీలనకు విడిగా ఒక మొత్తం రాసి, దాన్ని సైన్స్ నాయకుడి సంతకం లేకుండా వేరే పనికి మళ్లించే వీలు లేకుండా చేయండి.

ఆ చేలోకి దిగేవాళ్లు ఇస్రో ఉద్యోగులే కానక్కర్లేదు, కాకపోతేనే మంచిది. మారుటేరు వరి పరిశోధన కేంద్రం వాళ్లకు స్వర్ణ రకం వరి ఎప్పుడు పడిపోతుందో, ఎందుకు పడిపోతుందో తెలుసు. ఎంటీయూ అని మొదలయ్యే రకాలన్నీ వాళ్ల చేతుల్లో పుట్టినవే. హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు సముద్రం రంగు, ఉష్ణోగ్రత చూసి చేపలు దొరికే చోట్లు మత్స్యకారులకు రోజూ చెబుతున్నారు. ఉపగ్రహం అంకెను వలకు అందే సమాచారంగా మార్చడంలో వాళ్లకున్న అనుభవం తక్కువది కాదు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు గ్రేస్ ఉపగ్రహాల గురుత్వ కొలతలతో ఉత్తర భారతంలో భూగర్భజలం ఎలా తరిగిపోతోందో 2009లోనే లెక్కగట్టారు. గ్రేస్‌ను పంపింది మనం కాదు. ఎవరి ఉపగ్రహమైనా సరే, ప్రశ్న మనదైతే జవాబు రాబట్టగలమని చూపించారు. ఇలాంటివాళ్లను సలహా సంఘంలో వేసి ఏడాదికి రెండుసార్లు టీ ఇచ్చి పంపితే ఉపయోగం లేదు. జాతీయ సహజ వనరుల యాజమాన్య వ్యవస్థ కింద స్థాయీ సంఘాలు ఎప్పటినుంచో ఉన్నాయి, వాటి నివేదికలూ ఉన్నాయి. నేను చెప్పేది బృందంలో సభ్యత్వం గురించి, అంటే ముడి డేటా, అల్గారిథమ్, తప్పుల పట్టిక అన్నీ తెరిచి చూసే హక్కు గురించి.

2023 అంతరిక్ష విధానం 5 మీటర్లు, అంతకన్నా ముతక రిజల్యూషన్ డేటాను అందరికీ ఉచితంగా ఇవ్వాలంది. ఎన్‌ఆర్‌ఎస్‌సీ వారి భూనిధి పోర్టల్‌లో ఇప్పుడు మా పిల్లలు దాన్ని నేరుగా దించుకుంటున్నారు. ఒకప్పుడు ఒక్క సీన్ కోసం దరఖాస్తు పెట్టి ఎదురుచూసిన తరం మాది, అందుకే దీని విలువ తెలుసు. వాడేవాళ్లు పెరిగే కొద్దీ తప్పులు పట్టేవాళ్లూ పెరుగుతారు. రెండో సంవత్సరం విద్యార్థి ఒకడు 'ఈ పాస్‌లో ఇక్కడ ఏదో తేడాగా ఉంది' అని రాస్తే దాన్ని విసుక్కోకుండా చదివి, నిజమైతే సరిదిద్ది, ఆ కుర్రాడి పేరుతో సహా సవరణ ప్రకటించే అలవాటు పై నుంచి రావాలి. బృందంలో చిన్నవాళ్లు 'మన డేటా తప్పు సార్' అనగలిగే వాతావరణం ఉందో లేదో నాయకుడి మొహం చూస్తే తెలిసిపోతుంది. మన సంస్థల్లో హోదాను బట్టి గౌరవమిచ్చే సంస్కారం మంచిదే గాని, కొలతల దగ్గర దానికి చోటు లేదు.

చివరిగా, ఖాళీల సంగతి. మన ఓషన్‌శాట్-2 ఉపగ్రహం మీది స్కాటరోమీటర్ (సముద్రం మీది గాలులను కొలిచే రాడార్) 2014 ఫిబ్రవరిలో ఆగింది. దాని వారసుడు స్కాట్‌శాట్-1 ఎగిరింది 2016 సెప్టెంబరు 26న. మధ్యలో, 2014 అక్టోబరు 12న, విశాఖ మీదికి హుద్‌హుద్ తుపాను వచ్చింది. సముద్రం మీద గాలుల వేగానికి ఆనాడు వేరే దేశాల ఉపగ్రహాల వైపే చూశాం. హెచ్చరికలు బాగానే వచ్చాయి, ప్రాణనష్టం తగ్గింది, అది వేరే మాట. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61తో పాటు ఈఓఎస్-09 రాడార్ ఉపగ్రహం పోయింది. రాకెట్ ఎందుకు విఫలమైందో తేల్చడానికి సంఘం వేస్తాం, వేయాలి. దాంతోపాటు ఆ ఉపగ్రహం ఇవ్వాల్సిన కొలతలు ఏ ఏ పనులకు ఆగిపోయాయి, ఈఓఎస్-04తో, సెంటినెల్-1తో, నిసార్‌తో ఎంత వరకు భర్తీ చేయగలం అన్న ఒక చిన్న నివేదిక కూడా నెల లోపు రావాలి. దాన్ని రాయగలిగేది సైన్స్ నాయకుడే. అలాంటి పదవి ఉంటే ఉపగ్రహం పోయినా బృందం చెదరదు, వారసుడి కోసం పని ఆ రోజు నుంచే మొదలవుతుంది.

ముందుంది తృష్ణ. దాదాపు 57 మీటర్ల పిక్సెల్‌తో, మూడేసి రోజులకోసారి నేల వేడిని కొలుస్తుందంటున్నారు. ఆ వేడి నుంచి పంట ఎంత నీరు ఆవిరి చేసిందో లెక్క కడతారు. కాలువ చివరి ఊళ్లకు నీరందిందా లేదా అన్న తగాదాలు మా డెల్టాలో తరతరాలుగా ఉన్నాయి. ఈ లెక్క రాగానే సాగునీటి సంఘాల చేతుల్లోకి, ఆ తర్వాత కోర్టుల్లోకి కూడా వెళుతుంది. నిండా నీళ్లున్న వరి మడి మీద ఆ అంకె ఎంత నమ్మదగిందో ప్రయోగానికి ముందే సార్వాలో ఒకసారి, దాళ్వాలో (రబీలో) ఒకసారి కొలిచి చూడాలి. మన వైపు బృందానికి నాయకత్వం వహించేవారి పేరు, వారి అధికారాలు, వారికి కేటాయించిన క్షేత్ర బడ్జెట్ ఈ ఏడాదే ప్రకటించండి. కొలతలకు చేలు కావాలంటే మధ్య డెల్టాలో చూపిస్తాను. రైతులను నేను ఒప్పిస్తాను. పరికరాలు మాత్రం మీరు పంపాలి.

ఇట్లు,
గోదావరి జిల్లాల నుంచి ఒక రిమోట్ సెన్సింగ్ అధ్యాపకుడు